మందుల్లేకుండా నిద్ర పట్టాలంటే ముందు మంచం దిగడం నేర్చుకోండి

నిద్ర పట్టడం లేదని నోరు తెరిచి అంటే చాలు, మూలికల టీ తాగమని ఒకరు, దిండు మార్చమని ఇంకొకరు సలహా ఇస్తారు. ఎప్పుడో ఒకరోజు నిద్ర పట్టనివాళ్లకు అవి సరిపోతాయేమో. వారాల తరబడి రాత్రంతా అటూ ఇటూ దొర్లుతున్నవాళ్లకు సరిపోవు. 2017లో అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ ఇచ్చిన మార్గదర్శకాలైతే దీర్ఘకాలిక నిద్రలేమికి వలేరియన్ అనే మూలిక, మెలటోనిన్ అనే నిద్ర హార్మోన్ రెండూ వాడొద్దనే సూచించాయి. ఇక్కడ చెప్పేది రిచర్డ్ బూట్జిన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1972లో ముందుకు తెచ్చిన, నిద్ర రాకపోతే మంచం దిగిపోయే పద్ధతి. ఇప్పటికీ నిద్రలేమి చికిత్సలో ఇదొక ముఖ్యమైన భాగం. దీన్ని సగం చేసి వదిలేసి, పనిచేయలేదనేవాళ్లే ఎక్కువ.

కావాల్సినవి: అలారం, చేతులున్న కుర్చీ, చిన్న దీపం, ఇదివరకే చదివేసిన పుస్తకం. పుస్తకం కాగితానిదే అయ్యుండాలి. కొత్తది పనికిరాదు, తర్వాత ఏమవుతుందోనని మేలుకునే ఉంటారు. కుర్చీని పక్క గదిలో వేసుకోండి. ఉన్నది ఒకటే గదైతే మంచానికి వీలైనంత దూరంగా, అటు వీపు పెట్టి. ఇవన్నీ సాయంత్రమే సర్దుకోవాలి. అర్ధరాత్రి వెతుక్కుంటూ కూర్చుంటే ఉన్న కాస్త మత్తూ వదిలిపోతుంది.

మొదట, లేచే టైమ్ ఖాయం చేసుకోండి. ఆరున్నరంటే ఆరున్నరే, సెలవురోజైనా, రాత్రి రెండు గంటలే పడుకున్నా సరే. లేవగానే కర్టెన్లు తీసి వెలుతురులోకి వెళ్లండి. ఒంట్లోని గడియారం సర్దుకునేది ముఖ్యంగా ఆ వెలుతురుతోనే.

మధ్యాహ్నం దాటాక కాఫీ, టీ మానేయండి. ఒంట్లో చేరిన కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది. మద్యం తొందరగా కునుకు పట్టిస్తుంది కానీ తర్వాత నిద్రను ముక్కలు చేస్తుంది. గది చల్లగా, చీకటిగా ఉండాలి. ఇవి అందరికీ తెలిసినవే.

నిద్ర వస్తేనే మంచం ఎక్కండి. పదయింది కదా అని ఎక్కకండి. అలసట వేరు, నిద్ర వేరు. ఒళ్లు నొప్పులు, నీరసం, విసుగు అలసట. చదివిన వాక్యమే మళ్లీ చదువుతుంటే, తల వాలిపోతుంటే అది నిద్ర.

ఇప్పుడు అసలు సంగతి. అందరూ చెడగొట్టేది ఇక్కడే.

పడుకున్నాక ఒక పావుగంట, ఇరవై నిమిషాలు గడిచాయనిపించినా నిద్ర రాకపోతే లేచి ఆ కుర్చీలోకి వెళ్లిపోవాలి. ‘అనిపించినా’ అన్నాను, గడియారం చూడమనలేదు. రాత్రి రెండింటికి ఫోన్ తిప్పి చూస్తారు, 2:10. ‘ఇప్పుడు పట్టినా నాలుగు గంటలే’ అని లెక్క వేస్తారు. రేపటి మీటింగ్ గుర్తొస్తుంది, గుండె దడదడలాడుతుంది. ఇక పట్టేదెక్కడ? గడియారాన్ని గోడ వైపు తిప్పేయండి. ఫోన్ వేరే గదిలో ఉండాలి, అలారానికి కూడా అది వద్దు.

‘కళ్లు మూసుకుని పడుకున్నా విశ్రాంతే కదా’ అంటారు. ఈ పద్ధతిని పాడుచేసేది ఆ మాటే. మెలకువతో మంచం మీద గడిపే ప్రతి గంటా మంచమంటే టెన్షన్ పడే చోటని మెదడుకు నేర్పుతుంది. సోఫాలో తూలిపోయినవాళ్లకు మంచం ఎక్కగానే నిద్ర ఎగిరిపోయేది అందుకే. ఆ అలవాటు వదలాలంటే మంచం మీద నిద్ర, దాంపత్యం తప్ప ఇంకేమీ జరగకూడదు. సినిమాలు, ఆఫీసు మెయిళ్లు, గొడవలు అన్నీ బయటే.

కుర్చీలో చిన్న దీపం వెలుగులో ఆ పాత పుస్తకం చదవండి. ఇల్లు సర్దడం, ఏదైనా తినడం వద్దు. రెప్పలు బరువెక్కాక వెళ్లి పడుకోండి. సోఫా మీద కాదు, మంచం మీదే. మళ్లీ నిద్ర రాకపోతే మళ్లీ లేవండి. మొదట్లో ఒకే రాత్రి నాలుగైదుసార్లు లేవాల్సి రావచ్చు. చాలామంది రెండోసారికే విసిగిపోతారు. మధ్యలో మెలకువ వచ్చినా ఇదే నియమం.

అంకెలు లెక్కపెట్టడం, శ్వాస యాప్‌లు నాకు నచ్చవు. నిద్ర కోసం ప్రయత్నిస్తున్నామన్న స్పృహే నిద్రకు శత్రువు.

పగటి కునుకు పూర్తిగా బంద్. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడెనోసిన్ అనే రసాయనం పేరుకుంటూ నిద్రను దగ్గర చేస్తుంది. మధ్యాహ్నం గంట పడుకుంటే రాత్రికి కావాల్సింది అప్పుడే ఖర్చయిపోతుంది.

మొదటి వారం ఇప్పటికంటే అధ్వానంగా ఉండొచ్చు. కళ్లు మూతలు పడుతుంటే బండి నడపకండి. మూర్ఛ, బైపోలార్ జబ్బు ఉన్నవాళ్లు, రాత్రి లేస్తే పడిపోయే ప్రమాదం ఉన్న పెద్దవాళ్లు డాక్టర్‌ను అడక్కుండా ఇది మొదలుపెట్టకూడదు. ఇప్పటికే నిద్రమాత్రలు వాడుతుంటే వాటిని ఒక్కసారిగా ఆపకండి. గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగుతోందని పక్కనున్నవాళ్లు చెబితే మాత్రం ఈ కుర్చీ, పుస్తకం పక్కన పెట్టి ముందు స్లీప్ ఆప్నియా పరీక్ష చేయించుకోండి.