ఇంట్లోనే విమానం నేర్చుకుందాం – 5వ పాఠం: దిగే వేగం

పోయిన పాఠంలో 36,000 అడుగుల ఎత్తు నుంచి కిందికి ఎప్పుడు బయలుదేరాలో లెక్క కట్టాం. వెయ్యి అడుగులకు మూడు నాటికల్ మైళ్లు అన్న లెక్క ఈపాటికి నోటికి వచ్చే ఉంటుంది. రాకపోతే ఒక్కసారి అది చూసుకుని రండి, ఇవాళ దానితో పని ఉంది.

హనుమకొండలో మా ఇంటికి వచ్చి సిమ్యులేటర్ (కంప్యూటర్‌లో విమానం నడిపే ప్రోగ్రామ్) ముందు కూర్చునే పిల్లలు మొదటిరోజే అడిగే మాట ఒకటుంది: "అన్నా, ల్యాండింగ్ స్పీడ్ ఎంత పెట్టాలె?" నేను తిరిగి అడుగుతాను: "ఇయ్యాల నీ విమానం బరువెంత?" చాలామంది దగ్గర జవాబు ఉండదు. ఎక్కడో 140 నాట్లు (గంటకు 140 నాటికల్ మైళ్లు) అని విని ఉంటారు, ప్రతిసారీ అదే పెడతారు. నేనూ మొదటి ఏడాది అదే చేశాను. ఒకరోజు ట్యాంకులు నిండుగా ఉన్న బోయింగ్ 737ని ఎగిరించిన వెంటనే తిప్పి, అలవాటు కొద్దీ 140తో దించబోయాను. చివరి మలుపులో స్టిక్ షేకర్ గడగడా కొట్టుకుంది. ఇంకొంచెం తగ్గితే రెక్కలు విమానాన్ని మోయలేవు అనే హెచ్చరిక అది. బరువు చూడకుండా వేగం పెట్టకూడదని ఆ రోజు తెలిసింది.

లెక్క ఇలా ఉంటుంది. ఫ్లాప్స్ (రెక్కల అంచున కిందికి దిగే పలకలు) దింపిన విమానం గాలిలో నిలబడగలిగే కనీస వేగాన్ని స్టాల్ స్పీడ్ అంటారు. దాని మీద దాదాపు 30 శాతం ఎక్కువ వేసుకుంటే వచ్చేది వీరెఫ్, అంటే రన్‌వే మొదటి అంచును 50 అడుగుల ఎత్తులో దాటేటప్పుడు ఉండాల్సిన వేగం. రెక్క ఎత్తే బలం వేగానికి వర్గంలో పెరుగుతుంది కాబట్టి, బరువు 10 శాతం పెరిగితే వీరెఫ్ 5 శాతం పెరుగుతుంది. 737-800 బరువు 60 టన్నులు, ఫ్లాప్స్ 30 (ఫ్లాప్స్ లీవర్ మీది అంకె) అయితే వీరెఫ్ 140 చుట్టుపక్కల ఉంటుంది అనుకోండి. అదే విమానం 66 టన్నులుంటే 147, 54 టన్నులుంటే 133. ఈ 14 నాట్ల తేడాయే ఇవాళ్టి పాఠానికి మూలం.

మీరు కాగితం మీద గుణించక్కర్లేదు. 737లో ఎఫ్ఎంసీ (విమానంలోని లెక్కల కంప్యూటర్) మీద ఇనిట్ రెఫ్ బటన్ నొక్కితే ఇప్పటి బరువుకు సరిపోయే వీరెఫ్ చూపిస్తుంది, ఫ్లాప్స్ 30 ఎంచుకోండి. ఆటోథ్రాటిల్ (ఇంజిన్ పవర్‌ను తానే సర్దే పరికరం) చివరిదాకా ఆన్‌లో ఉంచితే దానికి 5 కలిపితే చాలు. చేత్తో నడిపేటప్పుడు ఎదురుగాలిలో సగం, దాని మీద గాలి విసురు ఎంత ఎక్కువుంటే అది మొత్తం కలపాలి. ఎదురుగాలి 12 నాట్లు, విసురు 20 దాకా ఉంటే 6కి 8 కలిపి 14. వెనుక గాలికి మాత్రం ఏమీ కలపొద్దు. ఎయిర్‌బస్ ఏ320 వాళ్లకు పని ఇంకా తక్కువ. ఎంసీడీయూలో (ఎయిర్‌బస్‌లో అలాంటి కంప్యూటర్ తెర) పెర్ఫ్ అప్రోచ్ పేజీ తెరిచి గాలి, ఉష్ణోగ్రత, క్యూఎన్‌హెచ్ (సముద్రమట్టానికి సరిచేసిన గాలి పీడనం) నింపితే వీయాప్, అంటే దిగేటప్పుడు పట్టాల్సిన వేగం, అదే కట్టి ఇస్తుంది. ఆ మూడూ నింపకుండా వదిలేసేవాళ్లే ఎక్కువ. నింపండి.

ఇప్పుడు అసలు కష్టం. 250 నాట్ల నుంచి ఆ 145కి ఎలా రావాలి?

సికింద్రాబాద్ నుంచి వచ్చే రైలు స్టేషన్ ఘన్‌పూర్, పెండ్యాల దాటి కాజీపేట దగ్గరపడుతుంటే గమనించండి. ప్లాట్‌ఫామ్ కనబడ్డాక లోకో పైలట్ బ్రేకు వెతుక్కోడు. చాలా ముందే వేగం తగ్గించడం మొదలుపెడతాడు. మన విమానమూ అలాంటి బరువైన బండే. ఇంజిన్లు ఐడిల్‌కు (కనీస పవర్‌కు) తెచ్చి ఎత్తు మారకుండా పోతుంటే, 10 నాట్లు తగ్గడానికి సుమారు ఒక మైలు పడుతుంది. అదే మూడు డిగ్రీల వాలులో (వెయ్యి అడుగులకు మూడు మైళ్లు అన్న మన లెక్క దాదాపు ఇదే) దిగుతుంటే, చక్రాలూ ఫ్లాప్సూ బయటికి రాని 737 దాదాపు తగ్గదు. దిగడం, నెమ్మదించడం రెండూ ఒకేసారి చేయమంటే అది వినదు. అందుకే గ్లైడ్‌స్లోప్ (రన్‌వేకు దిగే వాలును చూపే రేడియో సంకేతం) పట్టుకోకముందే వేగం చాలావరకు తగ్గిపోవాలి.

శంషాబాద్ 27ఎల్ రన్‌వేకి తూర్పు నుంచి వస్తున్నాం అనుకుందాం. రన్‌వే ఇంకా 15 మైళ్లుందనగా 210 నాట్లు, ఫ్లాప్స్ 1. లోకలైజర్ (రన్‌వేకు తిన్నగా ఉన్నామో లేదో చూపే రేడియో సంకేతం) పట్టుకునేసరికి ఫ్లాప్స్ 5, 180 నాట్లు. గ్లైడ్‌స్లోప్ గుర్తు కదలడం మొదలుపెట్టగానే చక్రాలు దింపి, ఫ్లాప్స్ 15. తర్వాత 175 లోపు ఉంటేనే ఫ్లాప్స్ 30, ఎందుకంటే 737-800లో వాటి హద్దు అదే. వేగం ఎక్కువైందని ఫ్లాప్స్‌ను బ్రేకులా వాడొద్దు. స్పీడ్‌బ్రేక్ (రెక్కల మీద పైకి లేచే పలకలు) ఉంది, దాన్ని వాడండి. అదీ చాలకపోతే చక్రాలు ముందే దింపండి, వాటికి మించిన బ్రేకు గాలిలో లేదు.

రన్‌వే కంటే 1,000 అడుగుల ఎత్తుకు చేరేసరికి అన్నీ కుదిరి ఉండాలి. శంషాబాద్ విమానాశ్రయం సముద్రమట్టానికి 2,024 అడుగుల ఎత్తులో ఉంది, కాబట్టి ఆల్టిమీటర్ 3,000 దాటి కొంచెం చూపిస్తున్నప్పుడే మీ పరీక్ష అయిపోవాలి. అది 1,000 చూపేదాకా ఆగుతామంటే అప్పటికి భూమిలో ఉంటారు. చక్రాలు కిందికి, ఫ్లాప్స్ 30, వేగం అనుకున్న అంకె దగ్గర, దిగే రేటు నిమిషానికి 1,000 అడుగుల లోపు, ఇంజిన్లు ఐడిల్‌లో కాకుండా కొంత పవర్‌తో తిరుగుతూ ఉండాలి. దిగే రేటు ఎంతుండాలో తెలియాలంటే గ్రౌండ్ స్పీడ్‌ను (నేల మీద విమానం ముందుకు పోయే వేగాన్ని) 5తో గుణించండి: 140కి 700. వీటిలో ఒక్కటి కుదరకపోయినా గో అరౌండ్ (దిగకుండా మళ్లీ పైకి పోవడం) చేయండి. సిమ్యులేటరే కదా అని దించేయడం అలవాటైతే చేతికి తప్పుడు పాఠం అంటుకుంటుంది. 2010 మే 22న మంగళూరులో 737-800 ఒకటి ఇలాగే ఎత్తు ఎక్కువై, స్థిరం కాని అప్రోచ్‌తో (రన్‌వేకు దగ్గరయ్యే తీరుతో) వచ్చింది. కో-పైలట్ మూడుసార్లు గో అరౌండ్ అన్నా ఆగలేదు. టేబుల్‌టాప్ (గుట్ట మీద చదును చేసి వేసిన) రన్‌వే చివర దాటి లోయలో పడింది. 158 మంది చనిపోయారు. ఈ 1,000 అడుగుల దగ్గర నేను మొండిగా ఉండేది అందుకే.

మన ఎండల సంగతి ఒకటి చెప్పాలి, దీన్ని చాలా పాఠాలు వదిలేస్తాయి. మీ ముందున్న స్పీడ్ టేప్ చూపేది గాలి తోపుడును బట్టి కొలిచిన వేగం. గాలి పలచబడితే అదే 140కి విమానం నేల మీద ఇంకా వేగంగా పోతుంది. శంషాబాద్ ఎత్తులో, మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండలో, గాలి కదలకపోయినా 140 అంటే గ్రౌండ్ స్పీడ్ 152 దాకా ఉంటుంది. అందుకే ఎండాకాలంలో రన్‌వే మీదికి దూసుకొస్తున్నట్టు అనిపిస్తుంది. కంగారుపడి టేప్ మీద వేగం తగ్గించొద్దు. రెక్కకు కావలసింది ఆ 140యే. దిగే రేటు మాత్రం 700 బదులు 760 అవుతుంది.

చివరి 50 అడుగుల్లో వేగం 10 శాతం ఎక్కువ ఉంటే, బ్రేకులు మింగాల్సిన శక్తి 21 శాతం పెరుగుతుంది. విమానం కింద కూర్చోక తేలుతూనే పోతుంది. అప్పుడు ముక్కును బలవంతంగా కిందికి నొక్కకండి, ముందు చక్రం మొదట తగులుతుంది. తేలడం ఆగకపోతే మళ్లీ పైకి పోండి. ఫ్లేర్ (నేల తాకే ముందు ముక్కు కొంచెం ఎత్తడం) ఎలా చేయాలో తర్వాతి పాఠంలో విడిగా చూద్దాం.

వరంగల్ దగ్గరి మామునూరు ఎయిర్‌స్ట్రిప్‌లో దింపుదామా అని కొందరు అడుగుతున్నారు. సొంత ఊరి మీద ప్రేమ నాకూ ఉంది. కానీ నిజాం కాలంలో వేసిన ఆ రన్‌వే ఈ పెద్ద విమానాల కోసం వేసింది కాదు. చిన్న విమానాల పాఠాలు వచ్చినప్పుడు తప్పకుండా అక్కడే దిగుదాం.

ఈ వారం పని: 52, 58, 64 టన్నుల బరువులతో 27ఎల్‌కి మూడుసార్లు దిగండి. ఒక్కోసారి వీరెఫ్ ఎంత, 1,000 అడుగుల దగ్గర వేగం ఎంత, చక్రాలు ఎక్కడ తగిలాయి రాసుకోండి. తర్వాత 58 టన్నులతోనే వాతావరణం మార్చి, జనవరి ఉదయం 16 డిగ్రీలకు ఒకసారి, మే మధ్యాహ్నం 42 డిగ్రీలకు ఒకసారి దించి గ్రౌండ్ స్పీడ్ పోల్చండి. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి, ఆరో పాఠం ఆ అంకెలతోనే మొదలవుతుంది.