బాలక్లావా అనే టోపీ పేరు పుట్టుకను తెలుసుకునే పద్ధతి

తలను, చెవులను, మెడను కప్పి ముఖాన్ని మాత్రమే బయటికి వదిలే ఉన్ని అల్లిక టోపీని మనం మంకీ క్యాప్ అంటాం. ఇంగ్లిషులో దాని పేరు బాలక్లావా. ఇటువంటి పేరు మూలాన్ని వెతికేవారు అన్నిటికన్నా ముందు వస్తువు చరిత్రను, పేరు చరిత్రను విడదీసుకోవాలి. రెండూ ఒకే రోజున పుట్టాయని నమ్మడం వల్లనే ఎక్కువమంది పొరబడతారు.

మొదట ఆ పేరు ఏదైనా ఊరిదేమో చూడండి. బాలక్లావా నల్లసముద్రంలోని క్రిమియా ద్వీపకల్పంలో సెవాస్తపోల్ నగరం పక్కనున్న రేవు. దాని మొదటి భాగాన్ని తుర్కీలో చేప అని అర్థమున్న 'బాలిక్' అనే మాటతో ముడిపెడతారు. ఇది ఊరి పేరుకు వివరణే తప్ప టోపీకి కాదు కనుక ఇక్కడ ఎక్కువసేపు ఆగనక్కరలేదు.

తరువాత ఆ ఊరికి, వస్తువుకు సంబంధం కలిపిన సంఘటనను పట్టుకోవాలి. బ్రిటన్, దాని మిత్రదేశాలు రష్యాతో చేసిన క్రిమియా యుద్ధంలో బ్రిటిష్ సైన్యానికి సరఫరాలు ఈ రేవు నుంచే అందేవి. 1854 అక్టోబరు 25న ఇక్కడ పోరు జరిగింది. నవంబరు 14న వచ్చిన పెనుతుపానులో చలిదుస్తులు తెచ్చిన 'ప్రిన్స్' అనే ఓడ మునిగిపోవడంతో సైనికులు ఘోరమైన చలికాలాన్ని సరైన బట్టలు లేకుండానే ఎదుర్కోవలసి వచ్చింది. వారి కష్టాలు పత్రికల్లో చదివిన బ్రిటన్ ప్రజలు ఉన్ని దుస్తులు పంపారు.

కథ ఇంతటితో పూర్తయినట్టే అనిపిస్తుంది గాని, అసలు పరీక్ష ఇప్పుడే మొదలవుతుంది. పేరు తొలిసారి అచ్చులో ఎప్పుడు కనబడిందో, తేదీలతో ఉదాహరణలిచ్చే చారిత్రక నిఘంటువులో చూడండి. యుద్ధం 1856లో ముగిసింది. 'బాలక్లావా హెల్మెట్' అనే పేరు మాత్రం 1880ల ప్రాంతంలో గాని కనిపించదు. అంటే సైనికులు ఆ టోపీని ఈ పేరుతో పిలిచారని చెప్పడానికి ఆధారం లేదు. యుద్ధ జ్ఞాపకంగా తరువాత పెట్టిన పేరనుకోవడమే సమంజసమని నా అభిప్రాయం.

ఇదే యుద్ధంతో ముడిపడిన ఇతర దుస్తుల పేర్లను పక్కన పెట్టి చూడడం కూడా మేలు చేస్తుంది. కార్డిగన్ అనే ముందు గుండీలుండే స్వెటర్‌కు, మెడ దాకా ఒకే ముక్కగా సాగే రాగ్లాన్ చేతులకు సేనానుల పేర్లు వచ్చాయి; మన టోపీకి మాత్రం ఊరి పేరు దక్కింది.

చివరగా అర్థంలో వచ్చిన మార్పును నమోదు చేయండి. 'హెల్మెట్' అనే మాట క్రమంగా రాలిపోయింది. ఇప్పుడు మోటారు పందేల చోదకులు ధరించే, మంటకు తట్టుకునే పలుచని ముసుగును కూడా బాలక్లావా అనే అంటున్నారు కాబట్టి, 'ఉన్నితో అల్లినది' అన్న నిర్వచనం పాత వాడుకకే చెల్లుతుందని రాసుకోవాలి.