అక్వేరియం చేపల పేగుల్లో పురుగులకు చికిత్స

చేప మేత తింటున్నా పొట్ట లోపలికి పీక్కుపోయి, తెల్లని దారంలాంటి మలం రోజుల తరబడి వేస్తుంటే పేగుల్లో పరాన్నజీవులున్నాయేమోనని అనుమానించాలి. మలద్వారం నుంచి సన్నని ఎర్రటి పురుగులు వేలాడితే అవి చాలావరకు కమల్లానస్ జాతివే. ఏకకణ జీవులకు మెట్రోనిడజోల్, బద్దె పురుగులకు ప్రాజిక్వాంటెల్ వాడాలి గానీ కమల్లానస్‌కు లెవామిసోల్ మేలు.

దీన్ని లీటరు నీటికి 2 మిల్లీగ్రాముల చొప్పున కలిపి, ఫిల్టర్‌లోని బొగ్గు తీసేసి, లైటు ఆపి 24 గంటలు ఉంచాలి. ఈ మందు పురుగులను చంపకుండా చచ్చుబడేలా మాత్రమే చేస్తుంది కనుక, అడుగున పడినవాటిని సైఫన్‌తో తప్పక తోడేసి, సగానికి పైగా నీరు మార్చి, మూడు వారాలకు మళ్లీ చేయాలి. విజయవాడ ఎండలకు వేడెక్కిన నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది, అందుకే ఎయిర్ పంపు క్షణమైనా ఆపకండి.