మీ ఫోటోలకు తగిన ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకోవడం ఎలా?

కొత్తగా కెమెరా కొన్నవారు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఫోటోషాప్ నేర్చుకోవాలా, లైట్‌రూమ్ నేర్చుకోవాలా అని. ఈ రెండు పేర్లనూ పక్కన పెట్టి, మీ కెమెరా ఫోటోలను ఏ రూపంలో దాస్తోందో ముందుగా చూసుకోండి. జేపెగ్ ఫైలులో ఒక్కో రంగుకు 256 స్థాయిలు మాత్రమే ఉంటాయి. సెన్సరు పట్టిన సమాచారాన్ని కెమెరా మెరుగులు దిద్దకుండా దాచే ‘రా’ ఫైలు 14 బిట్లదైతే, అందులో 16,384 స్థాయిలు ఉంటాయి. పెళ్లిపందిట్లో వీడియో లైటు పడి పెళ్లికూతురి ముఖం తెల్లబడి, వెనుక నిలబడిన బంధువులంతా చీకట్లో కలిసిపోయిన ఫోటోను సరిదిద్దబోయినప్పుడు ఈ తేడా కళ్లకు కడుతుంది. రా ఫైలులో ముఖంలోని వివరాలు కొంతవరకు తిరిగి వస్తాయి, నీడల్లోని చీరల రంగులు కూడా పైకి తేలుతాయి. జేపెగ్‌లో అదే పని చేస్తే ముఖం బూడిద రంగుకు తిరిగి, నీడలు మచ్చలు మచ్చలుగా కనిపిస్తాయి. కాబట్టి మీరు ఫోనుతోనో, జేపెగ్‌లోనో మాత్రమే తీస్తున్నట్లయితే డబ్బు ఖర్చు పెట్టనక్కరలేదు. 2012లో గూగుల్ చేతికి వచ్చిన స్నాప్‌సీడ్ అనే ఫోను యాప్ ఉచితంగానే దొరుకుతుంది, ఆ అవసరానికి అది చాలు.

రా ఫైళ్లతో పని చేయదలచుకున్నవారు, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు రెండు వేర్వేరు పనుల కోసం పుట్టాయన్న సంగతి గుర్తుంచుకోవాలి. 1990లో వచ్చిన ఫోటోషాప్, దానికి ఉచిత ప్రత్యామ్నాయమైన గింప్ ప్రధానంగా ఒక్కొక్క చిత్రాన్ని లేయర్లుగా, అంటే ఒకదానిపై ఒకటి పేర్చిన పొరలుగా, విడదీసి మార్చడానికి పనికివస్తాయి: అడ్డొచ్చిన కరెంటు తీగను తొలగించడం, రెండు ఫోటోలను కలపడం, శుభాకాంక్షల కార్డు చేయడం వంటివి. 2007లో వచ్చిన లైట్‌రూమ్, ఉచితంగా దొరికే డార్క్‌టేబుల్, రాథెరపీ వంటివి రా ఫైళ్లను డెవలప్ చేయడానికి, అంటే వెలుగూ రంగులూ సరిదిద్ది ఫోటోగా మార్చడానికి, తయారయ్యాయి. ఒక ప్రయాణంలో నాలుగు వందల ఫోటోలు తీసి, వాటిలో నలభై ఏరి, వెలుగునూ రంగులనూ ఒకే తీరుకు తేవడానికి వీలుగా ఉండేవి ఇవే. ఔత్సాహికులకు పదింట తొమ్మిదిసార్లు కావలసింది ఈ రెండో రకమేనని నా అభిప్రాయం. లేయర్ల జోలికి పోవలసిన అవసరం నిజంగా వచ్చినప్పుడు గింప్‌ను తోడుగా పెట్టుకోవచ్చు; అయితే అది రా ఫైలును నేరుగా తెరవదు, డార్క్‌టేబుల్ వంటి దాని సాయం తీసుకుంటుంది.

చాలామంది గమనించని తొలి మెట్టు ఒకటుంది: కెమెరా కంపెనీలే ఇచ్చే సాఫ్ట్‌వేర్. కానన్ వారి డిజిటల్ ఫోటో ప్రొఫెషనల్, నికాన్ వారి ఎన్‌ఎక్స్ స్టూడియో, సోనీ వారి ఇమేజింగ్ ఎడ్జ్ ఉచితంగా దొరుకుతాయి. కెమెరా తెరపై మీరు చూసిన రంగులు దాదాపు అలాగే వీటిలో కనిపిస్తాయి. అదే రా ఫైలును డార్క్‌టేబుల్‌లో తెరిస్తే మొదట చప్పగా కనిపించవచ్చు, దాన్ని చూసి కంగారు పడవద్దు. కెమెరా తెర మీద కనిపించేది కెమెరా తనంతట తాను మెరుగులు దిద్దిన జేపెగ్. ఆ మెరుగులను ఇక్కడ మీరే దిద్దుకోవాలి. కంపెనీ సాఫ్ట్‌వేర్ ఆ కంపెనీ ఫైళ్లకే పరిమితమవుతుంది, ఫోటోలో ఒక భాగాన్ని మాత్రమే మార్చే సౌకర్యాలూ తక్కువే. అయినా మొదటి రెండు నెలలు దానితోనే పని చేస్తే మీకు ఏ సౌకర్యం కొరవడిందో స్పష్టంగా తెలుస్తుంది, ఆ కొరత తెలిశాకే డబ్బు పెట్టడం మంచిది.

డబ్బు సంగతికి వస్తే, కంప్యూటరు కోసం అడోబీ కంపెనీ చేసే ఫోటోషాప్, లైట్‌రూమ్ ఇప్పుడు చందా మీదే దొరుకుతాయి; ఒక్కసారి కొనుక్కోగలిగిన చివరి లైట్‌రూమ్ 2015 నాటి ఆరో వెర్షన్. చందా ఎంతన్నదాని కంటే, అది ఆపేసిన రోజున మీ పని ఏమవుతుందన్నది పెద్ద ప్రశ్నగా నాకు తోస్తుంది. లైట్‌రూమ్ క్లాసిక్‌లో (ఫోటోలను కంప్యూటరులోనే ఉంచుకునే లైట్‌రూమ్) చందా ఆగిన తరువాత కూడా ఫోటోలను చూసుకోవచ్చు, ఎక్స్‌పోర్టు చేసుకోవచ్చు గానీ డెవలప్ భాగం పని చేయదు. మీరు చేసిన మార్పులన్నీ సూచనల రూపంలో కేటలాగు అనే దాని సొంత ఫైలులో ఉంటాయి. డార్క్‌టేబుల్ అయితే తన డేటాబేసుతో పాటు ఫోటో పక్కనే ఒక చిన్న ఎక్స్‌ఎంపీ ఫైలులో కూడా రాసిపెడుతుంది. ఒకదానిలో చేసిన మార్పులు మరొకదానిలోకి పూర్తిగా రావు. అందువల్ల అపురూపమైన ఫోటోలను, ముఖ్యంగా ఇక మనతో లేని పెద్దవారి ఫోటోలను, 16 బిట్ల టిఫ్ రూపంలో (చేసిన మార్పులతో సహా చిత్రాన్ని దాచే ఫైలు) విడిగా దాచుకోండి. కేటలాగు ఫైలుకు కూడా మరో డిస్కులో నకలు ఉంచండి.

కంప్యూటరులో కనీసం 8 జీబీ ర్యామ్ ఉండాలి, 16 ఉంటే పని హాయిగా సాగుతుంది. ఫోటో మీద తెలుగు అక్షరాలు వేసేవారు, ఎంచుకోబోయే సాఫ్ట్‌వేర్‌లో ‘స్త్రీ’, ‘జ్యోత్స్న’ వంటి మాటలు టైపు చేసి, వత్తులు సరిగా కూర్చుంటున్నాయో లేదో ముందే చూసుకోవాలి. ఫోటోషాప్‌లో అవి విడిపోతే టైపు సెట్టింగులలో దక్షిణాసియా లిపులకు సంబంధించిన ఎంపికను మార్చవలసి రావచ్చు.

చివరి నిర్ణయానికి ముందు మీ ఫోటోలలోంచే పదింటిని ఏరుకోండి. మిట్టమధ్యాహ్నపు ఎండలో పొలం, దీపాల వెలుగులో బతుకమ్మ, చామనఛాయ ముఖమూ తెల్లని చొక్కా కలిసి ఉన్నది, చీకట్లో ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) పెంచి తీసినది వాటిలో తప్పక ఉండాలి. ప్రయత్నించి చూడటానికి ఉచిత గడువు ఇచ్చే సాఫ్ట్‌వేర్‌లోనూ, డార్క్‌టేబుల్‌లోనూ అవే పది ఫోటోలను సరిదిద్ది, మరునాడు తాజా కళ్లతో పోల్చి చూడండి. వాటిలో మీకు నచ్చిన రెండింటిని ఎస్‌ఆర్‌జీబీ (సాధారణంగా వాడే రంగుల ప్రమాణం) జేపెగ్‌గా మార్చి, మీ ఊరి ల్యాబులో 8x12 అంగుళాల సైజులో ప్రింటు వేయించి, తెర మీది చర్మపు రంగుతో పగటి వెలుతురులో సరిపోల్చుకోండి. ప్రింటు మరీ ముదురుగా వస్తే సాఫ్ట్‌వేర్‌ను మార్చే ముందు మానిటరు వెలుగును తగ్గించి, మరొక్కసారి వేయించి చూడండి.