ఛార్జింగ్ టార్చి చచ్చిపోయిందా? ముందు వెనక మూత, తర్వాత కేబుల్ చూడండి

"అన్నా, లైటు చచ్చిపోయింది. కొత్తది ఎంత?"

తిరుపతి గాంధీ రోడ్డు పక్క సందులో నా రిపేరు టేబుల్ ముందు నిలబడి జనం మొదట అనే మాట ఇదే. టార్చి చేతికి తీసుకుని, వెనక మూతను గట్టిగా ఒక చుట్టు బిగించి, బటన్ నొక్కి తిరిగి ఇచ్చేస్తాను. చాలాసార్లు వెలుగుతుంది. దానికి డబ్బులు తీసుకోను కానీ చిరాకు మాత్రం వస్తుంది. ఆ ఒక్క చుట్టు ఇంట్లోనే తిప్పి ఉంటే బస్సు ఛార్జీ అయినా మిగిలేది కదా.

నేను చెప్పేది వేలెడంత ఛార్జింగ్ టార్చీల గురించి. లోపల ఒకే లిథియం సెల్లు, ఒంటి మీద ఛార్జింగ్ రంధ్రం, జేబులోనో తాళాల గుత్తికో ఉండే రకం. మన ఊళ్లలో బ్యాటరీ లైటు అనే పాత మూడు సెల్లుల పొడుగు టార్చి సంగతి వేరు.

అసలు వెలగడం లేదు

కొత్తదైతే వెనక మూత విప్పి చూడండి. బ్యాటరీకీ స్ప్రింగుకీ మధ్య పల్చటి ప్లాస్టిక్ బిళ్ల ఉంటుంది. దారిలో వెలగకుండా కంపెనీవాళ్లు పెడతారు. కొన్నిటిలో అది పారదర్శకంగా ఉండి కంటికి ఆనదు, గోటితో గీకితేనే తెలుస్తుంది. ఆ బిళ్ల తీయకుండానే రాత్రంతా ఛార్జింగ్ పెట్టి, "పచ్చ లైటు వచ్చింది, ఫుల్ అయింది, అయినా వెలగదు" అంటూ వచ్చినవాళ్లున్నారు. సెల్లు తగలకపోతే చాలా టార్చీల్లో పచ్చ లైటు వెంటనే వస్తుంది. ఫుల్ అయిందని కాదు, ఎక్కించడానికి లోపల ఏమీ దొరకలేదని.

పక్కన బటన్ ఉన్న రకమైతే లాక్ పడిందేమో చూడండి. నొక్కినప్పుడు వెలగకుండా రెండు మూడుసార్లు మినుకుమంటే అది లాకే. తీసే పద్ధతి మోడల్‌ని బట్టి మారుతుంది, డబ్బాలో కాగితం ఉంటుంది. ఆ కాగితాన్ని ఎవరూ దాచుకోరు, తెలుసు.

ఇక మూత. ఈ టార్చీలో సెల్లు మైనస్ వైపు నుంచి కరెంటు తలకాయకు చేరాలంటే వైరు లేదు, అల్యూమినియం ఒళ్లే వైరు. స్ప్రింగు, మూత, ట్యూబు అంచు, అక్కణ్ణుంచి తల. ఒంటికున్న నలుపు రంగు పూత కరెంటును పోనివ్వదు. అందుకే మూత విప్పితే ట్యూబు చివరి అంచు మాత్రం పూత లేకుండా తెల్లగా మెరుస్తూ కనిపించాలి. అక్కడ నల్లటి జిడ్డు పేరుకున్నా, మూత అర చుట్టు వదులైనా దారి తెగినట్టే. ఫోన్ రిపేరు షాపుల్లో వాడే ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) ద్రవంలో ఇయర్ బడ్ ముంచి అంచునూ మరలనూ తుడవండి. బడ్ నల్లగా రావడం ఆగేదాకా తుడవాలి. ఆరాక రబ్బరు రింగుకు మాత్రం కాస్త సిలికాన్ గ్రీజు చాలు. కొబ్బరి నూనె వద్దు. నూనె రాసి జేబులో వేసుకుంటే నెలకల్లా మరల్లో దుమ్ముతో ముద్ద కడుతుంది.

సెల్లు తిరగేసి పెట్టలేదు కదా? ప్లస్ ఎటు ఉండాలో ట్యూబు లోపలో, మూత మీదో గుర్తు ఉంటుంది. అన్నిటికీ తల వైపే అనుకోవద్దు.

ఛార్జ్ ఎక్కడం లేదు

నా చెయ్యి కాల్చిన సమస్య ఇదే.

పాకాల వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. తెల్లారుజామున నాలుగింటికి పాలు పితకడానికి కొట్టంలోకి వెళ్లాలి, టార్చి లేకపోతే కుదరదు. టార్చి ఛార్జ్ అవడం లేదన్నారు. నా టేబుల్ మీదున్న వైరు పెట్టాను, ఎర్ర లైటు వెలిగింది, గంటన్నరలో పచ్చ అయింది. బాగానే ఉంది సామీ అని పంపేశాను. వారానికి మళ్లీ వచ్చారు. మళ్లీ నా దగ్గర ఎక్కింది. మూడోసారి వచ్చినప్పుడు ఆయన గొంతులో కోపం లేదు, అనుమానం ఉంది. "ఈడ ఎక్కుతుంది, ఇంటికి పోతే ఎక్కదు. నీ టేబుల్ కింద ఏం మంత్రం పెట్టుకున్నావు సామీ?"

రంధ్రం లోపల పిన్ను లూజు అయి ఉంటుందని నా తెలివి చెప్పింది. హాట్ ఎయిర్ పెట్టి పాత పోర్టు ఊడదీశాను. దానితో పాటు బోర్డు మీది రాగి పొర కూడా లేచి వచ్చేసింది. ఇక ఆ బోర్డు బతకదు. తప్పు నాది కాబట్టి అదే మోడల్ కొత్తది నా డబ్బుతో ఇచ్చాను. నాలుగు రోజులకు ఫోన్ వచ్చింది. కొత్తది కూడా ఇంట్లో ఎక్కడం లేదు.

అప్పుడు అడిగాను, మొదటి రోజే అడగాల్సిన మాట: "ఏ ఛార్జర్‌తో పెడుతున్నారు?" మనవరాలి కొత్త ఫోన్‌ది. తెల్లటి కేబుల్, రెండు చివర్లా ఒకే రకం చిన్న కోడిగుడ్డు ఆకారం మూతి.

అక్కడే ఉంది అసలు సంగతి. టైప్-సి అని మనం పిలిచేదానిలో రెండు రకాల ఛార్జర్లు ఉన్నాయి. పాత ఛార్జర్ దిమ్మెకు పెద్ద చదరపు యూఎస్‌బీ రంధ్రం ఉంటుంది. అందులో 5 వోల్టులు ఎప్పుడూ ఉంటాయి, ఎవరు తగిలించినా ఇస్తుంది. కొత్త ఛార్జర్ దిమ్మెకే టైప్-సి రంధ్రం ఉంటుంది. అందులో ఏమీ తగిలించనప్పుడు వోల్టేజీ సున్నా. అవతల నిజంగా కరెంటు కావాల్సిన వస్తువు ఉందని తెలిశాకే ఇస్తుంది. అదెలా తెలుస్తుందంటే, తీసుకునే వస్తువు లోపల సీసీ అనే పిన్నులకు 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు రెండు ఉండాలి. ఛార్జర్ వాటిని చూసి తలుపు తీస్తుంది.

చవక టార్చీల్లో ఆ రెండు రెసిస్టర్లు పెట్టరు. ఆవగింజంత ముక్కలు, పైసల ఖర్చు, అయినా పెట్టరు. పాత మైక్రో యూఎస్‌బీ సర్క్యూట్‌కే రంధ్రం మాత్రం కొత్తది అతికిస్తారు. చూడటానికి టైప్-సి, లోపల పాత కాపురం. పాత దిమ్మె, పెద్ద యూఎస్‌బీ కేబుల్‌తో పెడితే ఎక్కుతుంది, రెండు వైపులా సి ఉన్న కేబుల్‌తో పెడితే శవం. నా టేబుల్ మీది మంత్రం నా పాత వైరు, అంతే.

ఇంతకు ముందు ఈ గొడవ లేదు, ఎందుకంటే ఇంటింటా పాత దిమ్మెలే. ఇప్పుడు కొత్త ఫోన్లతో సి నుంచి సి కేబుల్ వస్తోంది, కొన్నిటితో దిమ్మె కూడా రాదు. పాత వైర్లు డ్రాయర్ అడుగుకు చేరిపోయాయి. అందుకే నిరుడు బాగా ఎక్కిన టార్చి ఫోన్ మార్చిన నెలలోనే "చెడిపోతుంది".

ఎలా పట్టుకోవాలంటే, ఛార్జింగ్ పెట్టగానే చిన్న లైటు చూడండి. ఏ రంగూ రాకపోతే కరెంటు టార్చి దాకా రావడమే లేదు, కేబుల్ అనుమానించండి. పెట్టిన క్షణమే పచ్చ వస్తే కరెంటు వచ్చింది, సెల్లు తగల్లేదు, పైన చెప్పిన మూత దగ్గరికి వెళ్లండి. ఛార్జింగ్ కరెంటు కూడా ఆ ఒంటి మీదుగానే పోవాలి మరి. ఎర్ర వచ్చి గంటల తరబడి ఎర్రగానే ఉంటే సెల్లు ముసలిదై ఉండొచ్చు. ఇంకో విచిత్రం: మూతిని ఒక వైపు పెడితే ఎక్కుతుంది, తిరగేస్తే ఎక్కదు. కంపెనీవాడు రెండు రెసిస్టర్లలో ఒకటే పెట్టాడన్నమాట.

పరిష్కారం పెద్ద విద్య కాదు. ఒక చివర పెద్ద యూఎస్‌బీ, రెండో చివర సి ఉన్న కేబుల్ ఒకటి టార్చికి కేటాయించండి. పాత ఫోన్ దిమ్మె చాలు. కేబుల్‌కు రబ్బరు బ్యాండు వేసి టార్చి డబ్బాలోనే పెట్టండి, లేకపోతే ఇంట్లో ఎవరో ఒకరు ఎత్తుకుపోతారు. సోల్డరింగ్ చేయి తిరిగినవాళ్లు రెసిస్టర్లు వేసుకోవచ్చు, ఒక్కో సీసీ పిన్ను నుంచి గ్రౌండ్‌కు ఒక్కోటి. రెండు పిన్నులూ కలిపి ఒకే రెసిస్టర్‌తో సరిపెట్టవద్దు. 2019లో వచ్చిన రాస్‌ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ మొదటి బోర్డుల్లో ఇదే పొరపాటు జరిగి, కొన్ని రకాల సి కేబుళ్లతో బోర్డుకు పవర్ రాలేదు. అంతటి ఇంజనీర్లే తడబడ్డారంటే ఈ టార్చీవాళ్లని ఏమంటాం.

"65 వాట్ల ఛార్జర్ పెట్టాను, అందుకే కాలిపోయిందా?" అని భయంగా అడుగుతారు. కాదు. అవతలి వస్తువు అడిగితే తప్ప ఆ ఛార్జర్ 5 వోల్టులు దాటదు. ఈ టార్చికి అడగడమే రాదు. ఇక పవర్ బ్యాంకుతో పెడితే కాసేపటికి ఆగిపోతోందంటే, టార్చి లాగే కరెంటు మరీ తక్కువై పవర్ బ్యాంకు ఎవరూ లేరనుకుని తనే పడుకుంటోంది. గోడ ప్లగ్గుకు మార్చండి.

కొనేటప్పుడు జేబులో సి నుంచి సి కేబుల్, కొత్త రకం దిమ్మె తీసుకెళ్లండి. షాపులోనే పెట్టి చూపించమనండి. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే వచ్చిన రోజే ఇదే పరీక్ష, రిటర్న్ గడువు పోకముందే. వెలుతురు ఎన్ని ల్యూమెన్లు అన్నదానికంటే నేను ముందు చూసేది ఇదే.

మిణుకు మిణుకుమంటోంది, తడితే వెలుగుతోంది

మూత బిగించి, మరలు తుడిచినా ఇలాగే ఉంటే మూత లోపలికి చూడండి. వెనక బటన్ ఉన్న టార్చీల్లో స్విచ్చిని పట్టుకుని ఒక లోహపు రింగు ఉంటుంది, దానికి ఎదురెదురుగా రెండు చిన్న రంధ్రాలు. కిందపడి కిందపడి అది వదులవుతుంది. ట్వీజర్స్ రెండు కాళ్లూ ఆ రెండు రంధ్రాల్లో గుచ్చి గడియారం ముల్లు తిరిగే వైపు బిగించండి. రెండు నిమిషాల పని. దీనికే చాలామంది స్విచ్చి మార్పిస్తారు.

రెండు నిమిషాలకే వెలుతురు తగ్గిపోతోంది

చెడిపోలేదు. టర్బోలో, అంటే అన్నిటికంటే ఎక్కువ వెలుతురులో, వేలెడంత ఒళ్లు ఆ వేడిని తట్టుకోలేదు, లోపలి సర్క్యూట్ తనంతట తనే తగ్గిస్తుంది. డబ్బా మీద రాసిన రన్‌టైమ్ (ఎంతసేపు వెలుగుతుందన్నది) టార్చీలను కొలిచే ఎఫ్ఎల్1 అనే ప్రమాణం పద్ధతిలో కొలిచిందైతే, వెలిగించిన 30 సెకన్ల దగ్గరున్న వెలుతురు పదో వంతుకు పడిపోయేదాకా పట్టిన సమయం అది. 1000 ల్యూమెన్లు, 2 గంటలు అని పక్కపక్కన రాసి ఉంటే రెండు గంటలూ వెయ్యి వస్తుందని కాదు. మామిడి తోటలో మోటారు వేయడానికి వెళ్లినా, తెల్లారుజామున అలిపిరి నుంచి 3550 మెట్లు ఎక్కినా 100 ల్యూమెన్లు ధారాళం. ఎప్పుడూ టర్బోలో వాడేవాళ్లకు నేను చెప్పేదేమీ లేదు.

మధ్యస్థంలో కూడా త్వరగా ఆరిపోతుంటే సెల్లు చూడండి. ఫుల్ ఛార్జ్ తర్వాత మల్టీమీటర్‌లో 4.2 వోల్టుల దగ్గర ఉండాలి. ఒక రాత్రి గడిచాక బాగా దిగిపోతే మార్చేయండి. 18650 అనే సైజు సెల్లు మీద 9900 ఎంఏహెచ్ (ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే అంకె) అని ఉంటే అది సెల్లు కాదు, కట్టుకథ. మంచి కంపెనీల 18650లు మూడున్నర వేల చుట్టుపక్కలే ఉంటాయి.

మార్చేటప్పుడు ఒక జాగ్రత్త. 14500 అనే లిథియం సెల్లు అచ్చం గోడ గడియారంలో వేసే చిన్న సెల్లంత ఉంటుంది కానీ అది 3.7 వోల్టులు, ఇది 1.5. దాన్ని తెచ్చి గడియారంలో వేస్తే గడియారం ఊరుకోదు. మామూలు సెల్లు టార్చీలో వేసి ఛార్జింగ్ పెడితే కారుతుంది, ఒక్కోసారి పగులుతుంది.

వాడకుండానే దిగిపోతోంది, జేబులో దానంతటదే వెలుగుతోంది

పక్క బటన్ రకాల్లో స్విచ్చి ఎప్పుడూ కాస్త కరెంటు తాగుతూనే ఉంటుంది. మూత పావు చుట్టు వదులు చేస్తే రెండు సమస్యలూ తీరతాయి. మరలకు కూడా రంగు పూత ఉన్న టార్చీల్లోనే ఇది పనిచేస్తుంది, లేనివాటికి బటన్ లాక్ వాడండి. జేబులో టర్బో వెలిగితే ప్యాంటుకు బొక్క పడుతుంది, తొడ కూడా కాలుతుంది. లాక్ చేశారని గుర్తుంచుకోండి, మళ్లీ "చచ్చిపోయింది" అని నా దగ్గరికి రావద్దు.

తడిసింది

2021 నవంబరు వానలకు తిరుపతి మునిగినప్పుడు నా టేబుల్ నిండా తడి టార్చీలే. డబ్బా మీద ఐపీఎక్స్7 అని ఉన్నవే, అంటే మీటరు లోతులో అరగంట ఆగాల్సినవి. చాలావాటికి ఛార్జింగ్ రంధ్రం మీది రబ్బరు మూత సగం తెరిచి ఉంది. సెల్లు తీసి, తల, ట్యూబు, మూత విడివిడిగా రెండు రోజులు ఫ్యాను కింద పెట్టండి. ఆరకముందు ఛార్జింగ్ పెట్టవద్దు. బియ్యం డబ్బాలో పెడితే రంధ్రంలోకి తవుడు పోతుంది, అంతే.

మిగతావి

ఎల్‌ఈడీ కాలిపోవడం, దానికి కరెంటు అందించే డ్రైవర్ బోర్డు పోవడం ఉంటాయి కానీ అరుదు. అద్దం వెనక ఎల్‌ఈడీ మీద నల్ల చుక్క కనిపిస్తే అది పోయినట్టే. డ్రైవర్ పోతే చవక టార్చికి మార్చే ఖర్చులో కొత్తది వస్తుంది.

సెల్లు ఉబ్బినా, ట్యూబులోంచి జారి రాకుండా బిగుసుకున్నా స్క్రూడ్రైవర్‌తో పొడవవద్దు, సుత్తితో తట్టవద్దు. ఛార్జింగ్ పెట్టవద్దు. చెత్తబుట్టలో కాకుండా ఈ-వేస్ట్ తీసుకునేచోట ఇచ్చేయండి. అప్పటిదాకా వంటింట్లో కాకుండా బయట, ఇసుక పోసిన మట్టి మూకుడులో పెట్టి ఉంచండి.