బంతి లెక్క తప్పుతోందా? వర్గ సమీకరణంలో ఎక్కడ వెతకాలి

10 మీటర్ల ఎత్తున్న డాబా అంచు నుంచి బంతిని 15 మీ/సె వేగంతో నిట్టనిలువుగా పైకి విసిరారనుకోండి. నేల నుంచి కొలుస్తూ, పైదిశను ధనాత్మకంగా తీసుకుంటే:

ఎత్తు = 10 + 15×కాలం − 4.9×కాలం²

ఇక్కడ 4.9 అంటే గురుత్వ త్వరణం 9.8లో సగం (½×9.8). ఎత్తును సున్నా చేస్తే విచక్షణి (వర్గమూలం కింద ఉండే b² − 4ac విలువ) 225 + 196 = 421. మూలాలు, అంటే ఎత్తును సున్నా చేసే కాలాలు, 3.62, −0.56 సెకన్లు.

ఒక మూలం రుణాత్మకం
తప్పేమీ లేదు. బంతి ఎప్పుడు చేయి విడిచిందో సమీకరణానికి తెలియదు, పరావలయాన్ని (ఎత్తు, కాలాల వక్రరేఖను) వెనక్కి కూడా పొడిగిస్తుంది. 3.62 మాత్రమే తీసుకోండి.

రెండు మూలాలూ రుణాత్మకం (−0.98, −2.08)
గురుత్వ పదానికి ప్లస్ పడింది. ఏ దిశ ధనాత్మకమో అంకెలు వేయకముందే కాగితం మీద రాసుకోండి. పిల్లలు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

కాలం 2.03 సెకన్లే వచ్చింది
½ మరిచి 4.9 బదులు 9.8 రాశారు.

గరిష్ఠ ఎత్తు 158.8 మీటర్లు
గంటకు 54 కి.మీ. అన్న వేగాన్ని అలాగే పెట్టేశారు. 3.6తో భాగిస్తే 15 మీ/సె.

విచక్షణి రుణాత్మకం
25 మీటర్లకు ఎప్పుడు చేరుతుందని అడిగితే 225 − 294 = −69. బంతి అంత ఎత్తుకు పోదు, 1.53 సెకన్ల దగ్గర 21.48 మీటర్లే దాని శీర్షం. "చేరదు" అన్నదే పూర్తి జవాబు, లెక్క కొట్టేయకండి.

వాలుగా విసిరితే జవాబు అర్థంలేనిది
నిలువు వేగం 15×సైన్(కోణం). సైన్ 30 విలువ −0.988 అని చూపిస్తే కాలిక్యులేటర్ రేడియన్లలో ఉంది, డిగ్రీలకు మార్చండి.

వీడియోలో కొలిచిన ఎత్తులు సమీకరణానికి కుదరవు
దీనికి కాస్త ఓపిక కావాలి. సెకనుకు 30 ఫ్రేముల వీడియోలో ప్రతి మూడో ఫ్రేము దగ్గర, అంటే 0.1 సెకనుకోసారి, ఎత్తు రాసుకోండి. వరుస ఎత్తుల తేడాలు తీసి, ఆ తేడాల మధ్య మళ్లీ తేడా తీయండి. అది ఎప్పుడూ −0.098 మీటర్ల చుట్టుపక్కలే ఉండాలి. 0.1 వర్గమైన 0.01తో భాగిస్తే త్వరణం −9.8.

9.8 బదులు 0.61 వస్తే, 120 ఫ్రేములతో తీసిన స్లోమోషన్‌ను 30 అనుకుని లెక్కించారు. కాలం నాలుగు రెట్లయితే త్వరణం పదహారో వంతవుతుంది.

కొలిచిన ఎత్తులు అన్నిచోట్లా ఒకే నిష్పత్తిలో తక్కువైతే, కొలబద్ద బంతి కన్నా కెమెరాకు దగ్గరగా ఉంది. బంతి కదిలే తలంలోనే నిలబెట్టి మళ్లీ తీయండి.

పైకి పోయేటప్పుడు 9.8 కన్నా ఎక్కువగా, దిగేటప్పుడు తక్కువగా వస్తే అది గాలి నిరోధం. దాన్ని ఏ గుణకం మార్చినా వర్గ సమీకరణంలో ఇమడ్చలేం. షటిల్‌కాక్, ప్లాస్టిక్ బంతి పక్కనపెట్టి క్రికెట్ బంతినో ఇనుప గుండునో మెల్లగా విసిరి చూడండి.