తిరుపతి ప్రయాణానికి ముందు: పేరు ఒకటే, ఊరు ఒకటేనా?

పెళ్లిళ్ల సీజన్, సెలవులు కలిసి వస్తున్నాయి. బండెక్కే ముందు ఇవి చూసుకోండి.

- రైలు టికెట్‌లో స్టేషన్ కోడ్ చూడండి. మన చిత్తూరు సీటీఓ. సీఓఆర్ అని ఉంటే అది రాజస్థాన్‌లోని చిత్తోర్‌గఢ్. తొందరలో మొదటి నాలుగు అక్షరాలు కొట్టి వదిలేస్తే డబ్బుతో పాటు ప్రయాణమూ పోతుంది.

- శుభలేఖలో 'కల్యాణ వేంకటేశ్వరస్వామి ఆలయం' అని మాత్రమే ఉంటే వెంటనే ఫోన్ చేయండి. ఆ పేరుతో శ్రీనివాస మంగాపురంలో ఒకటి, పుత్తూరు దగ్గర నారాయణవనంలో ఒకటి ఉన్నాయి. ఒకటి చంద్రగిరి వైపు, రెండోది చెన్నై దారిలో. పొరబడితే ముహూర్తం దాటాకే చేరుకుంటారు. పెద్దవాళ్లను తీసుకెళ్తుంటే ఇది మరీ ముఖ్యం.

- ఆటోలో ఉత్త 'మంగాపురం' అనకండి. అమ్మవారి గుడి ఉన్న తిరుచానూరుకు అలమేలు మంగాపురం అనే పేరూ ఉంది.

- 'శ్రీనివాసం' అంటే బస్టాండు ఎదురుగా ఉన్న వసతి సముదాయం, గుడి కాదు. రైల్వే స్టేషన్ ఎదురుగా ఉన్నది విష్ణు నివాసం.

- పరీక్ష రాసే ఆడపిల్లలు హాల్ టికెట్‌లో పూర్తి పేరు చదవండి. పద్మావతి పేరుతో మహిళా యూనివర్సిటీ, డిగ్రీ కాలేజీ, మెడికల్ కాలేజీ మూడూ ఉన్నాయి. వీలైతే ముందురోజే వెళ్లి గేటు చూసి రండి.

- పార్సిల్‌కు పిన్‌కోడ్ తప్పనిసరి. కేరళలో పాలక్కాడ్ దగ్గర కూడా ఓ చిత్తూరు ఉంది. మనది 517తో మొదలవుతుంది.

- విరిగిన ఎముకలకు కట్టు కట్టించుకోవడానికి పుత్తూరు వచ్చేవాళ్లు మ్యాప్‌లో తిరుపతి జిల్లా అని చూసుకోండి. కర్ణాటకలోనూ పుత్తూరు ఉంది.